తుప్పు పట్టని పిన్నులు

ఆపరేషన్ చేయించుకుని బాగుపడ్డవాళ్లు ఇంకొకరికి సలహా చెప్పే ముందు కాస్త నోరు అదుపులో పెట్టుకోవాలి. ఈ ఒక్క ముక్క చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మిగతాది చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేసినా నేనేమీ అనుకోను.

నేను గుడివాడలో ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఇంట్లో మావారు, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి సుధ. మా పుట్టింట్లో తాతల నుంచీ అందరూ పంతుళ్లే. ఎవరైనా ఏదైనా అడిగితే తెలియదని చెప్పడం మా ఇంటావంటా లేదు. పెళ్లి సంబంధమైనా, బోరు ఎక్కడ వేయాలన్నా మా నాన్నగారు కుర్చీలో వెనక్కి వాలి తేల్చి చెప్పేసేవారు. అడిగినవాళ్లు తల ఊపి వెళ్లి అలాగే చేసేవాళ్లు. ఆ తర్వాత ఏమైందో ఆయన ఎప్పుడూ కనుక్కున్నట్టు నాకు గుర్తు లేదు. ఆయన రంగు నాకు రాలేదు గానీ ఆ గుణం మాత్రం బాగా అబ్బింది.

వేసవి

పదో తరగతి పేపర్లు దిద్దే రోజులు. ఆ పని బందరులో. పొద్దున్నే గుడివాడలో బస్సెక్కడం, సాయంత్రానికి ఇల్లు చేరడం. పొట్టలో ఎడమవైపు కిందగా నొప్పి మొదలై అప్పటికే చాలా రోజులైంది. గ్యాస్ అనుకుని వాము నమిలేదాన్ని. మావారు చూపించుకుందాం అన్నప్పుడల్లా పేపర్లు అయిపోనివ్వండి అనేదాన్ని. పిల్లలకి జీర్ణవ్యవస్థ పాఠం చెప్పే మనిషిని కదా, నా పొట్ట సంగతి నాకు తెలియదా అని ధీమా.

ఒక మధ్యాహ్నం పేపర్ల ముందే ముడుచుకుపోయాను. తోటి టీచర్లు ఆటోలో ఎక్కించి దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లారు. పేగుకి చిల్లు పడిందని, వెంటనే కోయాలని చెప్పారట. నాకు గుర్తున్నది ఆ గది చలి ఒక్కటే.

మెలకువ వచ్చాక చూసుకుంటే పొట్ట మీద ఎడమపక్కన ఒక ప్లాస్టిక్ సంచి అతికించి ఉంది. పాడైన పేగు ముక్క తీసేశారని, పై చివరని పొట్ట బయటికి తెచ్చి కుట్టారని, మలం ఇక కొన్నాళ్లు ఆ సంచిలోకే వస్తుందని డాక్టరు గారు చెప్పారు. "లోపల వాపంతా తగ్గనివ్వండమ్మా. కొన్ని నెలలయ్యాక మళ్లీ కలిపేద్దాం" అన్నారు. ఆ 'కలిపేద్దాం' అన్న మాట పట్టుకునే ఆ వేసవంతా బతికాను.

ఇంటికొచ్చాక సంచి మార్చే పని మావారి మీద పడింది. నేను మొహం పక్కకి తిప్పుకుని పడుకునేదాన్ని. ఆయన ఒక్క రోజూ విసుక్కోలేదు. విసుక్కున్నదంతా నేనే. వాసన వస్తోందేమోనని ఎప్పుడు చూసినా అగరొత్తులు వెలిగిస్తూ ఉండేదాన్ని. సుధ తన స్నేహితురాళ్లని ఇంటికి తీసుకురావడం మానేసింది. అది గమనించి, దానితో రెండు రోజులు మాట్లాడకుండా ఊరుకున్నాను. నాకు ఇబ్బంది అవుతుందని మానేసిందట. ఆ సంగతి చాలా ఆలస్యంగా మావారు చెప్పారు.

వానలు మొదలయ్యాక

నెలకోసారి బందరు వెళ్లి చూపించుకోవాలి. డాక్టరు గది ముందు పొడుగాటి వరండా, అందులో కుర్చీల వరసలు. అక్కడే నాంచారమ్మ పరిచయం అయింది.

ఆవిడది కోడూరు అవతల, సముద్రం పక్క ఊరు. భర్త ఏడుకొండలు వేటకి వెళ్తాడు, ఆవిడ చేపలు అమ్ముతుంది. నాకంటే పదేళ్లు చిన్నదై ఉంటుంది. పేగు మెలిపడి నల్లబడిపోతే నాకు చేసినట్టే కోసి, సంచి పెట్టారు. నేను కొంగు నాలుగు మడతలు పెట్టి పొట్ట మీద కప్పుకుని, ఎవరి వంకా చూడకుండా కూర్చునేదాన్ని. ఆవిడ పక్కనే వచ్చి కూర్చుని, "మీదీ సంచేనాండీ?" అని అడిగేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"వాసనంటే మీకు బాధ గానీ మాకేముందండీ" అంది. "చేపల తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగేదాన్ని. బస్సులో ఎప్పుడూ నా పక్క సీటు ఖాళీయే. ఇప్పుడూ ఖాళీయే."

నవ్వకూడదనుకుంటూనే నవ్వాను. కుట్లు లాగేసరికి పొట్ట పట్టుకున్నాను.

ఆ తర్వాతి నెల అదే వరండాలో నా సంచి ఊడింది. ముందు వెచ్చగా తెలిసింది, తర్వాత చీర తడిసింది, తర్వాత వాసన. ఎదురు వరసలో ఒకాయన ముక్కు మూసుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. మావారు మందుల షాపుకి వెళ్లారు. కొంగుతో తడి కప్పుకుంటూ కుర్చీకే అతుక్కుపోయాను. నాంచారమ్మ నా వంక చూసింది, చటుక్కున లేచి నిలబడింది.

"నాదేనండీ, నా సంచి కారింది. కాస్త జరగండి, బాత్రూముకెళ్లాలి" అని అందరికీ వినిపించేలా అంది. నాతో, "టీచరు గారూ, కాస్త పట్టుకోండి నన్ను" అని చెయ్యి చాపింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆవిడ ఒళ్లు నాకు అడ్డుగా, అలా నడిచి వెళ్లిపోయాను. అందరూ ఆవిడనే చూశారు. బాత్రూములో తన చేతిసంచిలోంచి ఇంకో చీర తీసి ఇచ్చింది. ఉతికిన చీరే గానీ అందులో ఎండు చేపల వాసన పోలేదు. ఆ చీర కట్టుకుని గుడివాడ దాకా వచ్చాను.

దసరా సెలవులు

నాకు పేగు కలిపే రోజు దగ్గరపడింది. డాక్టరు గారు మందుల చీటీ వెనక రెండు గొట్టాల బొమ్మ వేసి చూపించారు. చేత్తో అయితే సూది, దారంతో ఒక్కో కుట్టూ వేసుకుంటూ చుట్టూ తిరిగి వస్తారట. మిషన్ అయితే రెండు చివర్లనీ ఎదురెదురుగా పట్టి ఒక్కసారి నొక్కితే చుట్టూ చిన్న చిన్న పిన్నులు పడి అతుక్కుంటుందట. దారం కొన్నాళ్లకి కరిగిపోతుంది, పిన్నులు లోపలే ఉండిపోతాయి.

"రెండిట్లో ఏది మంచిదండీ?" అన్నాను.

"రెండూ మంచివే. ఒక్కొక్కరి పేగుని బట్టి ఒకటి వీలుగా ఉంటుంది. తెరిచి చూశాక నిర్ణయించుకుంటాను."

ఒక మార్కు ప్రశ్నకి రెండు జవాబులకీ టిక్కు పెట్టిన పిల్లాడిని చూసినట్టు చూశాను ఆయన్ని. ఇంటికొచ్చి ఫోన్లో దొరికిందల్లా చదివాను. ఒకచోట చేతి కుట్టు మేలన్నారు, ఒకచోట మిషన్ మేలన్నారు, చాలాచోట్ల పెద్ద తేడా లేదన్నారు. ఆ చివరి మాట నాకు రుచించలేదు. తేడా లేకపోతే నేను భయపడటానికి, కోరుకోవడానికి ఏమీ మిగలదు. ఏదో ఒకటి పట్టుకోవాలి కదా.

నాకు మిషన్‌తోనే కలిపారు. తెలివి వచ్చాక అడిగి మరీ తెలుసుకున్నాను. ఇక అక్కడి నుంచి గాలి కోసం ఎదురుచూపులు. పేగు అతుక్కుని కదలడం మొదలుపెట్టిందని తెలియాలంటే కింది నుంచి గాలి రావాలి. నర్సులు వచ్చినప్పుడల్లా అదే ప్రశ్న. మా ఆడపడుచు ఫోన్లో అదే ప్రశ్న. పక్క మంచం ముసలమ్మగారు దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ అడిగేది. చివరికి అది వచ్చిన పూట మావారు వరండాలోకి వెళ్లి చుట్టాలందరికీ పేరుపేరునా ఫోన్ చేసి చెప్పారు. సుధ కడుపుబ్బా నవ్వి, తర్వాత నా దుప్పట్లో మొహం పెట్టుకుని ఏడ్చింది.

సంచి లేని పొట్టతో ఇంటికొచ్చాను. వచ్చినప్పటి నుంచి మిషన్ గురించి చెప్పడమే పని. స్టాఫ్ రూములో చెప్పాను, కూరలమ్మే ఆవిడకి చెప్పాను. నేను బాగుపడ్డాను, నాకు మిషన్ వేశారు, కాబట్టి మిషన్ వల్లే బాగుపడ్డాను. పరీక్షలో ఇలా రాసిన పిల్లలకి నేనే సున్నా వేసి ఉంటాను.

కార్తీకం

కుట్లు చూపించుకోవడానికి బందరు వెళ్లినప్పుడు వరండాలో నాంచారమ్మ కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నా పొట్ట తడిమింది. "పోయిందే" అని తనకే పోయినంత సంతోషపడింది. ఆవిడ ఆపరేషన్ ఆ వారంలోనే. డాక్టరు గారు చేత్తో కుడదామనుకుంటున్నానని చెప్పారట.

"చేత్తోనా? వద్దు" అన్నాను. అడక్కుండానే అన్నాను. "మిషన్ అడుగు. మనిషి చెయ్యి ఎప్పుడూ ఒక్కలా ఉండదు. మిషన్ అయితే అన్నీ ఒకే కొలత. నన్ను చూడు."

ఆవిడ కాసేపు ఆలోచించింది. "పిన్నులు లోపలే ఉండిపోతాయంట కదండీ. తుప్పు పట్టవా?"

నేను గట్టిగా నవ్వాను. నిజంగా గట్టిగానే నవ్వాను, పక్కవాళ్లు తిరిగి చూశారు. అది ఇనుము కాదని, టైటానియమని, విమానాల్లో వాడే లోహమని, గాలికీ నీటికీ చెక్కుచెదరదని అరగంట పాఠం చెప్పాను. ఏడుకొండలు కూడా నిలబడి శ్రద్ధగా విన్నాడు. మా క్లాసులో ఎవరూ అంత శ్రద్ధగా వినరు. నాకు చాలా సంతోషం వేసింది.

"టీచరు గారు చెబుతున్నారుగా" అన్నాడు భార్యతో.

ఆవిడతో పాటు నేనూ లోపలికి వెళ్లాను. "టీచరు గారికి వేసిందే నాకూ వేయండి" అంది నాంచారమ్మ. డాక్టరు గారు నా వంక చూసి నవ్వారు. వీలుంటే అలాగే చేస్తాను, రెండిట్లో ఏదైనా ఫర్వాలేదు అన్నారు. బయటికొచ్చాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మీరు లోపలికి రాకపోతే అడగలేకపోయేదాన్నండీ" అంది.

ఆపరేషన్ బాగా జరిగిందని ఏడుకొండలు ఫోన్ చేశాడు. గాలి కూడా వచ్చిందన్నాడు. ఆ తర్వాత రెండు రోజులకి మళ్లీ చేశాడు. జ్వరం ఆగడం లేదట. లోపల కలిపినచోట విడిపోయి, మలం పొట్టలోకి కారిందట. మళ్లీ తెరిచి కడిగి, సంచి పెట్టేశారు. ఆవిడ ఐసీయూలో ఉంది.

"తుప్పు పట్టుంటదా అండీ?" అని అడిగాడు. నన్ను ఎత్తిపొడవడానికి కాదు. తెలుసుకోవడానికే అడిగాడు.

ఏం చెప్పానో నాకు గుర్తు లేదు.

చలికాలం

ఆవిడ బతికిందని, ఇంటికి పంపించారని తెలిసింది. అది కూడా మావారు కనుక్కుని చెప్పారు. నేను ఫోన్ చేయలేదు. మొదట ఆసుపత్రిలోనే ఉంది కదా, ఇప్పుడు ఫోన్ చేసి ఇబ్బంది పెట్టడం ఎందుకు అనుకున్నాను. తర్వాత ఇన్ని రోజులు చేయకుండా ఇప్పుడు ఏ మొహంతో చేయాలి అనుకున్నాను. కారణాలు వెతుక్కోవడంలో నాకు ఇబ్బంది ఉండదు.

అప్పుడు నాంచారమ్మే చేయడం మొదలుపెట్టింది. క్లాసులో ఉంటే కట్ చేసేదాన్ని, ఇంట్లో ఉంటే మోగనిచ్చేదాన్ని. ఏమంటుందో నాకు తెలుసనుకున్నాను. మీ మాట విని ఇలా అయ్యానంటుంది. అననీ, అనాల్సిందే. కానీ ఆ మాట వినడానికి నాకు ధైర్యం లేదు. రోజూ స్నానం చేస్తున్నప్పుడు పొట్ట మీద సంచి ఉన్నచోట చెయ్యి పెట్టుకుంటే, నాది మూసుకుపోయి ఆవిడది తెరుచుకుందన్న ఆలోచనే వచ్చేది. తిన్నది అరుగుతున్నందుకు కూడా సిగ్గు వేసేది.

ఒక రోజు భోజనాల దగ్గర ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మావారు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, "ఆవిడ ఆ రోజు వరండాలో నీ మానం కాపాడింది" అన్నారు. సుధ లేచి వెళ్లి నా ఫోను తెచ్చి నా కంచం పక్కన పెట్టింది.

అప్పుడు కూడా ఫోన్ చేయలేకపోయాను. వెళ్దామన్నాను.

మాఘం

పామర్రులో బస్సు మారి అవనిగడ్డలో దిగాం. అక్కడి నుంచి ఆటో. కోడూరు దాటాక రెండు పక్కలా రొయ్యల చెరువులు, ఆపైన ఉప్పు గాలి. నాంచారమ్మ ఇల్లు చిన్న డాబా. గేటు తీయబోతే నా చేతికి ఎర్రటి పొడి అంటుకుంది. గేటు ఊచల్ని తుప్పు సగానికి సగం తినేసింది. కిటికీకి చువ్వల బదులు కర్రలు కట్టారు. శ్లాబు కింద పెచ్చులు ఊడి లోపలి ఇనుప చువ్వలు కనిపిస్తున్నాయి, అవీ పొరలు పొరలుగా లేచిపోయి ఉన్నాయి. ఈ మనిషి పిన్నులు తుప్పు పట్టవా అని అడిగితే నేను నవ్వాను.

నాంచారమ్మ మంచం మీద కూర్చుని ఉంది. సగానికి చిక్కిపోయింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత, "బతికే ఉన్నారా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఫోన్ చేస్తే ఎత్తరే. పోయారనుకున్నానండీ. మా ఆయన్ని గుడివాడ వెళ్లి కనుక్కు రమ్మంటే వేట ఉందని వెళ్లలేదు."

"నేనే... నా వల్లే కదా" అన్నాను. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "నేను చెప్పబట్టి కదా నువ్వు మిషన్ అడిగింది."

"చెప్పారు, నేనూ విన్నాను" అంది. "మా ఆయన మిమ్మల్ని తిట్టాడండీ. అబద్ధమెందుకు, నేనూ నాలుగు తిట్టాను. ఆ నొప్పిలో ఎవరో ఒకరిని తిట్టుకోవాలి కదా. తర్వాత కాస్త తెరిపిన పడ్డాక భయం పట్టుకుంది."

"భయమెందుకు?"

"మీదీ అదే మిషన్ కదండీ. అవే పిన్నులు. నాది ముందు తుప్పు పట్టింది, మీది కాస్త ఆలస్యమవుద్ది, అంతే కదా అనుకున్నాను. మీరు బాగుందనుకుని ఊరుకుంటారు, లోపల ఊడిపోద్ది. వెంటనే వెళ్లి చూపించుకోండని చెబుదామని చేశానండీ అన్నిసార్లు."

మావారు తల దించుకున్నారు. నేను ఆ మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాను. టైటానియం అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. నెలల తరబడి నేను దాక్కున్నది ఈ మాట నుంచి. నా ప్రాణం కోసం భయపడి, కొత్త సంచి పొట్టకి కట్టుకుని, ఆవిడ ఫోను పట్టుకుని కూర్చుంది. నేను మోగనిచ్చాను.

"చూపించుకున్నారా?" అని అడిగింది.

"లేదు."

"మరి వెళ్లండి. నాకు మాటివ్వండి ముందు."

ఇచ్చాను. ఉతికి ఇస్త్రీ చేయించి తెచ్చిన ఆవిడ చీరని వచ్చేటప్పుడు మంచం మీద పెట్టాను. "ఇది మీ దగ్గరే ఉందా" అని ఆశ్చర్యపోయింది. బయట వల బాగుచేసుకుంటున్న ఏడుకొండలు ఆటో దాకా వచ్చాడు, మావారితోనే మాట్లాడాడు. నన్ను ఇంకా క్షమించలేదని తెలిసింది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

మర్నాడే బందరు వెళ్లాను. డాక్టరు గారు కాగితాలు తిరగేసి, "ఏం ఇబ్బందమ్మా?" అన్నారు.

"ఏం లేదండీ. చూపించుకుంటానని ఒకరికి మాటిచ్చాను."

ఆయన పరీక్ష చేశారు, స్కానింగ్ తీయించారు. అంతా శుభ్రంగా అతుక్కుందన్నారు. అప్పుడు నాంచారమ్మ సంగతి అడిగాను. ఆవిడకి చేత్తో కుట్టి ఉంటే ఇలా అయ్యేదా అని. ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"కలిపినచోటికి రక్తం సరిగా అందకపోతే ఏ కుట్టయినా విడిపోవచ్చు. ఆవిడ ఒంట్లో రక్తం తక్కువ, షుగర్ ఉంది. చేత్తో కుట్టినా ఇలా అయ్యేదేమో, అయ్యేది కాదేమో. అది నేనూ చెప్పలేనమ్మా."

ఇలాంటి జవాబు విని దసరా ముందు నేను విసుక్కున్నాను. ఇప్పుడు ఇందులో నాకు ఊరట దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు. నా వల్ల అని ఆయన అనలేదు, కాదని కూడా ఎవరూ అనలేరు. ఇది ఇక నాతోనే ఉంటుంది. పిన్నుల పక్కనే.

వరండాలోకి వచ్చి నాంచారమ్మకి ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది.

"చూపించుకున్నాను. బాగా పట్టిందన్నారు."

"తుప్పు లేదుగా?"

"లేదు."

"అమ్మయ్య" అని పెద్దగా ఊపిరి వదిలింది. వెనక కాకులు అరుస్తున్నాయి, ఎవరో రొయ్యల బేరం ఆడుతున్నారు. "అయితే టీచరు గారూ, అక్కడే ఉన్నారుగా. నాకు మళ్లీ ఎప్పుడు కలుపుతారో ఆయన్ని అడగరా?"

మళ్లీ లోపలికి వెళ్లాను. ఎప్పుడని అడిగాను, ఎండలు తగ్గాక చూద్దామన్నారు. ఎలా కలుపుతారని మాత్రం అడగలేదు.